వాన తప్పిన ఏడు నష్టం ఎవరిది?

మన దేశంలో అసమానత పెరిగిందా, తగ్గిందా అన్న వాదంలో ఈ మధ్య రెండు లెక్కలు తరచుగా వినిపిస్తున్నాయి. కుటుంబాలు పెట్టే ఖర్చును బట్టి ప్రపంచ బ్యాంకు వేసిన గినీ సూచిక (సున్నా అంటే అందరూ సమానం, వంద అంటే అంతా ఒక్కరిదే) 2011-12లో 28.8 ఉండగా 2022-23 నాటికి 25.5కు దిగింది. ఈ లెక్కను పట్టుకున్నవారు, అసమానత బాగా తక్కువగా ఉన్న దేశాల్లో మనదీ ఒకటని చెబుతారు. తోమా పికెట్టీ, మరికొందరు ఆర్థికవేత్తలు 2024లో వెలువరించిన అధ్యయనం ప్రకారం అదే 2022-23లో దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం జనాభాలో పైనున్న ఒక్క శాతం మంది చేతిలో ఉంది. ఈ లెక్కను పట్టుకున్నవారు, తెల్లదొరల కాలం కంటే ఇప్పుడే అసమానత ఎక్కువని చెబుతారు. నిజానికి ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టివేసేవి కావు. ఖర్చుల సర్వేకు వెళ్లిన ఉద్యోగికి కోటీశ్వరుడి ఇంటి గేటు తెరుచుకోదు. తెరుచుకున్నా, ఆయన సంపాదనలో ఖర్చయ్యేది కొంత, మిగిలేది చాలా. పేదవాడికి సంపాదనా ఖర్చూ దాదాపు ఒకటే. ఒక్కోసారి ఖర్చే ఎక్కువ; ఆ తేడా పేరు అప్పు.

అనంతపురం జిల్లా పల్లెటూళ్ల బ్యాంకు శాఖల్లో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న నాకు, ఈ రెండు లెక్కల్లోనూ పట్టుబడని సంగతి ఒకటి ఉందనిపిస్తుంది. ఒక ఆర్థిక వ్యవస్థ ఎంత సంపద పుట్టిస్తుంది, పుట్టినదాన్ని ఎలా పంచుతుంది అని అందరూ అడుగుతారు. నష్టం వచ్చినప్పుడు దాన్ని ఎవరి తల మీద పెడుతుంది అని అడిగేవారు తక్కువ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఏ నెలలో పడుతుందో చెప్పలేని వాన, మీద బతికే చోట మనుషుల బాగోగులను తేల్చేది ఎక్కువగా ఈ మూడో ప్రశ్నే. పెట్టుబడిదారీ విధానమా, సామ్యవాదమా అని పేర్ల మీద జరిగే వాదాలు నాకు అంత ఆసక్తి కలిగించకపోవడానికీ కారణం ఇదే. రెండు పేర్ల కిందా నష్టాన్ని బలహీనుడి మీదికి నెట్టిన ఉదాహరణలు ఉన్నాయి, నలుగురూ కలిసి మోసిన ఉదాహరణలూ ఉన్నాయి.

మా శాఖలో జూన్ అంటే బంగారు రుణాల నెల. తొలకరికి ముందే విత్తనాలకు, ఎరువులకు, సేద్యం కూలికి డబ్బు చేతిలో ఉండాలి. ఆడవాళ్లు కొంగున ముడివేసి తెచ్చిన కమ్మలు, గొలుసు, నల్లపూసల దండ కౌంటరు మీద పెడితే, అప్రైజరు వాటిని గీటురాయి మీద రుద్ది, యాసిడ్ చుక్క వేసి చూసి, రాళ్ల బరువూ లక్క బరువూ తీసేసి నికర బరువు చెప్పేవాడు. ఒకే శాఖలో కొన్నేళ్లు ఉంటే మనిషి కంటే ముందు నగను గుర్తుపట్టే స్థితి వస్తుంది. కొక్కెం విరిగి రాగి తీగతో కట్టిన ఒక గొలుసు ఏటా అదే నెలలో వచ్చేది. పన్నెండు నెలల గడువు ముగిసేసరికి వడ్డీ కట్టే డబ్బు ఎలాగో సమకూరేది గాని అసలు సమకూరేది కాదు. నిబంధన ప్రకారం పాత రుణం మూసి, కొత్తది రాయాలి. అందుకోసం బ్యాంకు బయట మోటారు సైకిల్ మీద ఎదురుచూస్తూ ఒక వ్యాపారి ఉండేవాడు. పొద్దున అతను ఇచ్చిన డబ్బుతో రుణం మూసేవారు. అదే నగ మీద మేము కొత్త రుణం రాసేవాళ్లం. మధ్యాహ్నానికి ఆ డబ్బు, దాని మీద నూటికి రూపాయో రెండు రూపాయలో చేర్చి, అతని జేబులోకి తిరిగి వెళ్లేది. ఒక్క పూట అప్పుకు నెల వడ్డీ. మా పుస్తకాల్లో మాత్రం ఆ ఖాతా ఏనాడూ బకాయి పడినట్టు కనిపించదు. పై ఆఫీసుకు వెళ్లే నివేదికల్లో మా శాఖ వసూళ్లు భేషుగ్గా ఉండేవి.

“పంట పోతే పాయ సార్, సొమ్ములు ఏలానికి పోకుండా సూడండి” అని ఒక పెద్దామె అన్న మాట ఆ కౌంటరు దగ్గర ఎందరో అన్న మాటే. సర్వేలో ఆ ఇంటి ఖర్చు ప్రతి ఏడూ దాదాపు ఒకేలా నమోదవుతుంది. తిండి తగ్గలేదు, పిల్లల చదువు ఆగలేదు. అందుకు బదులుగా ఇంట్లో ఉన్న కాస్త బంగారం ఏడాది పొడవునా బ్యాంకు లాకరులోనే ఉంది, రాత్రి నిద్ర లేదు. అదే కాలంలో కౌంటరుకు ఇవతల కూర్చున్న నాకు ధరల సూచీ పెరిగితే డి.ఏ. (కరువు భత్యం) పెరిగేది. వాన పడినా పడకపోయినా నెలాఖరుకు జీతం ఖాతాలో పడేది. ఆమె కంటే నేను ఎక్కువ కష్టపడ్డానని చెప్పలేను. మా ఇద్దరి ఆదాయాల తేడా కంటే, మా ఇద్దరి భయాల తేడా చాలా పెద్దది.

ఈ ఏర్పాటు నిన్న మొన్న పుట్టింది కాదు. 1800లో నిజాం నవాబు ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన తర్వాత, 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో రైత్వారీ పద్ధతికి పునాది వేశాడు. ప్రతి పొలాన్నీ కొలిచి, నేల తరగతి కట్టి, దానికింత అని నగదు శిస్తు నిర్ణయించారు. మధ్యలో పాలెగాడు లేకుండా రైతు నేరుగా సర్కారుకే కట్టడం ఒక మేలు. అయితే పంటలో ఇన్నో వంతు అని కాక ఇన్ని రూపాయలు అని నిర్ణయించడంతో, వాన తప్పడం వల్ల వచ్చే నష్టమూ, ధర పడిపోవడం వల్ల వచ్చే నష్టమూ రెండూ రైతు పక్కకే జరిగాయి. పంట పోయిన ఏడు శిస్తు తగ్గించే వీలు ఉండేది, కాని అది అధికారి దయ మీద ఆధారపడినదే తప్ప రైతు హక్కు కాదు. శిస్తు భారం ఎక్కువైందని గుర్తించి 1807లో 25 శాతం తగ్గించమని సిఫారసు చేసింది కూడా మన్రోనే. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన ఆ మనిషిని మా ప్రాంతంలో ఇప్పటికీ మంచిగానే చెప్పుకుంటారు, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మంచి అధికారి చేతిలో ఉన్నా, ఆ ఏర్పాటు నష్టాన్ని కిందికే పంపింది.

కర్నూలు-కడప కాలువ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర మీద ఆనకట్ట కట్టి, 1860లలో ఈ కాలువ తవ్వింది ప్రభుత్వం కాదు, లండన్‌లో వాటాలు అమ్ముకున్న మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. పెట్టుబడి మీద ఏడాదికి 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువకు లాభం వస్తే వాటాదారులది. రాకపోతే హామీ వడ్డీ ఖజానా నుంచి వెళ్తుంది. ఆ ఖజానా నింపేది శిస్తు కట్టే రైతులే. కాలువలో నీళ్లు వచ్చినా, తీరువా (నీటి పన్ను) భరించలేక చాలామంది రైతులు వాటిని వాడుకోలేదు. చివరికి 1882లో ప్రభుత్వం కాలువను కొనుక్కోవలసి వచ్చింది. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం అని ఇప్పుడు కొత్తగా కనిపెట్టినట్టు చెప్పే పద్ధతికి మా సీమలో నూట అరవై ఏళ్ల చరిత్ర ఉందన్నమాట.

కాలువ పూర్తయిన కొన్నేళ్లకే, 1876లో, ధాత కరువు వచ్చింది. వాన పడలేదన్నది నిజం, పంట పండలేదన్నదీ నిజం. అయితే అప్పటికి మా మీదుగా మద్రాసు నుంచి బొంబాయి వైపు రైలు మార్గం ఉంది, దేశం నుంచి ఇంగ్లండుకు ధాన్యం ఎగుమతీ సాగుతూనే ఉంది. ఎక్కువ ధర ఇచ్చే చోటికి ధాన్యం కదలడం మార్కెట్టుకు సహజం. కూలి పోయినవాడి చేతిలో డబ్బు లేదు గనుక ధాన్యం అతని వైపు కదలలేదు. సహాయక పనుల్లో దినమంతా రాళ్లు కొట్టిన మగవాడికి ఒక పౌను (అర కిలో కంటే తక్కువ) ధాన్యం, ఒక అణా చాలునని బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. 1871 జనగణనకూ 1881 జనగణనకూ మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. ఆకలి చావుకు తిండి లేకపోవడం కంటే తిండి మీద హక్కు లేకపోవడమే కారణమని అమర్త్య సేన్ తర్వాతి కాలంలో సిద్ధాంతంగా చెప్పింది ఇదే.

స్వాతంత్ర్యం తర్వాత ఏర్పాటు మారింది గాని, శెనక్కాయ విషయంలో చూస్తే పూర్తిగా మారలేదు. 1986లో కేంద్రం నూనె గింజల మిషన్ పెట్టి, మద్దతు ధరలు పెంచి, దిగుమతులను అదుపులో ఉంచింది. కొర్ర, సజ్జ, జొన్న పండిన ఎర్ర నేలలన్నీ శెనక్కాయకు మళ్లాయి. 1990ల మొదట్లో దేశం వంట నూనెలో దాదాపు స్వయం సమృద్ధి సాధించింది. 1994 నుంచి పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచి, సుంకాలు తగ్గిస్తూ వచ్చారు. ఇప్పుడు మనం వాడే వంట నూనెలో సగానికి పైగా బయటి నుంచి వస్తున్నదే. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. చవక పామాయిల్ వల్ల పట్నం కూలీ ఇంట్లో కూడా బాణలిలో నూనె చుక్క పడింది. ఆ మేలు చిన్నది కాదు. అయితే దేశమంతటికీ దక్కిన ఆ మేలుకు ఎవరి దగ్గర ఖరీదు వసూలు చేశారు? జొన్న వదిలి శెనక్కాయకు మారమని ప్రోత్సహించినప్పుడు కుడి చేత్తో ఇచ్చిన ధర భద్రతను, దిగుమతులు తెరిచినప్పుడు ఎడమ చేత్తో తీసేశారు. ఈలోగా పంట మార్చుకోవడానికి కావలసిన నీరు గాని, పాత విత్తనం గాని రైతు దగ్గర మిగలలేదు. 1990ల చివరి నుంచి అనంతపురం పేరు పత్రికల్లో రైతుల ఆత్మహత్యలతో కలిసి కనబడడం మొదలైంది.

బోర్ల సంగతీ అంతే. 2004లో రాష్ట్రం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఇచ్చింది. అంటే కరెంటు ఖర్చు అందరం మోశాం. కాని బోరు వేసినప్పుడు నీళ్లు పడకపోతే ఆ నష్టం పూర్తిగా ఆ రైతుదే. పక్క పొలం ఆసామి ఇంకో నూరడుగులు లోతుకు దించితే ఈ బోరు ఎండిపోతుంది. దానికీ పరిహారం లేదు. నీరు అందరిదైనా, వెతుకులాట ఎవరికి వారిది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో వజ్రాల కోసం నేల వైపు చూస్తూ తిరిగే జనాన్ని టీవీ వాళ్లు వింతగా చూపిస్తారు గాని, పంట పెట్టి పోగొట్టుకున్నవాడికి రెండింటిలో ఏది ఎక్కువ పిచ్చిపనో తేల్చడం అంత సులభం కాదు. వజ్రాల వేటలో కనీసం పెట్టుబడి పోదు.

నష్టాన్ని పంచుకునే తెలివి మన పల్లెలకు లేక కాదు. కౌలులో మా వైపు రెండు పద్ధతులు ఉన్నాయి. కోరుకు చేస్తే పంట వచ్చాక భూమి ఆసామి వాటా, సేద్యగాడి వాటా అని కళ్లంలోనే పంచుకుంటారు. గుత్తకు చేస్తే పండినా ఎండినా ముందు ఒప్పుకున్న మొత్తం కట్టాలి, చాలాచోట్ల విత్తనం పడకముందే కట్టాలి. మా చిన్నాన్న పొలం కోరుకు చేసిన కుటుంబం నాకు బాగా గుర్తు. కళ్లంలో మూటలు కట్టేటప్పుడు మా చిన్నాన్న ఎండలో నిలబడి ప్రతి మూటనూ లెక్క చూసేవాడు, అందులో అనుమానమూ ఉండేది, చిన్న చిన్న తగాదాలూ ఉండేవి. వాన లేని ఏడు మాత్రం ఇద్దరూ కలిసి పశువుల మేతకు కట్టె (పంట ఎండు కాడలు) మాత్రం పంచుకుని ఇంటికి వచ్చేవారు. కోరు పద్ధతిలో కష్టపడాలన్న ఉత్సాహం తగ్గుతుంది గనుక అది వెనుకబాటుతనమని పాత ఆర్థిక శాస్త్రజ్ఞులు రాశారు. అది నష్టాన్ని పంచుకునే ఒప్పందమని, అనిశ్చితి ఉన్న చోట దానికి అర్థం ఉందని 1974లో ఆర్థికవేత్త జోసెఫ్ స్టిగ్లిట్జ్ ఒక వ్యాసంలో లెక్కలతో చూపించాడు. మా చిన్నాన్నకు ఆ వ్యాసం సంగతి తెలియదు, తెలిసినా మూటలు లెక్కపెట్టడం మానేవాడు కాదు.

ఇప్పుడు భూమి ఆసాములు చాలామంది అనంతపురంలోనో, బెంగళూరులోనో ఉంటున్నారు. కళ్లంలో నిలబడే ఓపికా తీరికా వారికి లేవు. బోరు ఉన్న నేలలో టమోటా, చీనీ (బత్తాయి), అరటి లాంటి డబ్బు పంటలు వచ్చాయి. అందువల్ల కోరు తగ్గి గుత్త పెరిగింది. చదువుకున్న ఆసామికి అది సౌకర్యం, ఫోనులోనే డబ్బు పడుతుంది. గుత్త రైతుకు అందులో అర్థం వేరు: పత్తికొండ మార్కెట్టులో టమోటా కొనే నాథుడు లేక రోడ్డు మీద పారబోసిన రోజున ఆ నష్టంలో ఆసామికి వాటా లేదు. ఆపైన పంట రుణం, పంట నష్ట పరిహారం, పెట్టుబడి సాయం పట్టాదారు పాసుపుస్తకం వెంట నడుస్తాయి. రాష్ట్రం 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, పదకొండు నెలలకు చెల్లే కార్డు ఇస్తామంది; ఆ కార్డుకు భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమో అన్న భయం యజమానిది. అడిగితే వచ్చే ఏడు గుత్త ఇవ్వడేమో అన్న భయం రైతుది. కౌంటరు దగ్గర ఈ రెండో భయాన్ని నేను ఎక్కువగా చూశాను. “ఆయప్పను సంతకం అడిగితే సేను ఇంకొకరికి ఇస్తాడు సార్” అని ఫారం నా ముందే మడిచి జేబులో పెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఇతర దేశాల అనుభవం ఈ ప్రశ్నతో చదివితే కొన్ని చిక్కుముడులు వీడతాయి. భూమి, ధాన్యం అంతా ప్రభుత్వానిదే అయితే నష్టం కూడా ప్రభుత్వమే మోస్తుందనుకుంటాం. చైనాలో 1959 నుంచి 1961 దాకా జరిగింది అందుకు విరుద్ధం. అధికారులు పంట లెక్కలు పెంచి చూపారు. ఆ తప్పుడు లెక్కల ప్రకారమే ప్రభుత్వం ధాన్యం సేకరించింది. తక్కువ పడినదంతా పల్లె కడుపు మీద పడింది. కోట్ల మంది చనిపోయారు. రష్యాలో 1992 జనవరిలో ఒక్కసారిగా ధరల మీద నియంత్రణ ఎత్తేశారు. ముసలివాళ్లు జీవితమంతా దాచుకున్న డబ్బు కొన్ని నెలల్లో చిత్తుకాగితం అయింది, కర్మాగారాలు మూతపడ్డాయి. 1990లో సుమారు 64 ఏళ్లున్న మగవారి సగటు ఆయుర్దాయం 1994 నాటికి 58 దగ్గరికి పడిపోయింది. యుద్ధం లేదు, మహమ్మారి లేదు. ఒక వ్యవస్థ నుంచి ఇంకో వ్యవస్థకు మారడంలో వచ్చిన నష్టాన్ని ఎవరూ పంచుకోకపోతే శరీరాలే దాన్ని మోస్తాయి.

స్వీడన్ ఇంకో రకం చిక్కు. అసమానత తక్కువని అందరూ ఉదాహరణగా చెప్పే ఆ దేశంలో చట్టం నిర్ణయించిన కనీస వేతనం లేదు. వారసత్వ పన్నును 2004లో, సంపద పన్నును 2007లో రద్దు చేశారు. సంపద విషయంలో చూస్తే అక్కడ అసమానత చాలా ఎక్కువే. అయినా అక్కడి మామూలు మనిషి నిశ్చింతగా ఉండడానికి కారణం, అతను సొంతంగా పెద్దగా దాచుకోవలసిన అవసరం లేకపోవడం. జబ్బు, పిల్లల చదువు, ముసలితనం, ఉద్యోగం పోవడం అన్నీ ఉమ్మడి పద్దులో ఉన్నాయి. వేతనాలను యూనియన్లు, యాజమాన్యాలు కూర్చుని తేలుస్తాయి. డెన్మార్కులో ఉద్యోగిని తీసేయడం యజమానికి తేలిక. తీసేసినవాడికి భృతి, కొత్త పని నేర్పే బాధ్యత మాత్రం అందరిదీ. ఇవి నికార్సయిన మార్కెట్ దేశాలే. అమెరికా వీటన్నిటి కంటే ధనిక దేశం, జాతీయ ఆదాయంలో దాదాపు 18 శాతం వైద్యం మీదే ఖర్చు పెడుతుంది. అయినా అక్కడి ఆయుర్దాయం ఇతర ధనిక దేశాల కంటే తక్కువ. బీమా ఎక్కువమందికి ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది గనుక, పని పోయిన రోజునే వైద్యమూ పోతుంది.

మన దేశం ఎవరి నష్టభయాన్నీ తగ్గించలేని పేద దేశం అన్న వాదం నాకు ఒప్పుదల కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం కోసం 2017లో ఒప్పందం జరిగింది, రెండేళ్లలో కార్లు రోడ్డెక్కాయి. భూమి, రోడ్డు, కరెంటు, పన్ను రాయితీలు ప్రభుత్వం సమకూర్చింది. గొల్లపల్లి జలాశయం నుంచి హంద్రీ-నీవా కాలువ నీరు ఇచ్చారు. నేను దాన్ని తప్పుపట్టడం లేదు. కరువు సీమకు అలాంటి పరిశ్రమ రావాలంటే పెట్టుబడిదారుడి భయం కొంత ప్రభుత్వం తీసుకోక తప్పదు, మా పిల్లలు కొందరు అక్కడ పనిచేస్తున్నారు. నేను చెప్పేది ఇంతే: పది లక్షల రూపాయల పరికరం కూడా కొనలేని రైతు నష్టాన్ని పంచుకోవడం సబ్సిడీ అయితే, వేల కోట్ల పెట్టుబడి నష్టాన్ని పంచుకోవడం కూడా సబ్సిడీయే. మొదటిదాన్ని దుబారా అని, రెండోదాన్ని అభివృద్ధి అని రెండు పేర్లతో పిలవడం అలవాటైపోయింది.

జబ్బు విషయంలో మనం కొంత దూరం వచ్చాం. ఆరోగ్యశ్రీ 2007లో మొదట ప్రారంభించిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకోవడం తగ్గింది, ఇది చిన్న మార్పు కాదు. దేశం మొత్తం వైద్య ఖర్చులో జనం జేబు నుంచి నేరుగా పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని ప్రభుత్వ లెక్క. అయినా షుగరు మాత్రలు, స్కానింగులు, డాక్టరు ఫీజు లాంటి నెల నెలా వచ్చే ఖర్చు ఇంకా ఇంటి మీదే ఉంది. మంచాన పడితే వ్యవస్థ పట్టుకుంటుంది, మంచాన పడేదాకా మాత్రం నడవమంటుంది.

పని విషయంలో అలాంటి పట్టు మొదట దొరికింది మా జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. మా ఊళ్లలో దాన్ని కరువు పని అనే అంటారు. టెంపుల్ కాలపు సహాయక పనికీ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ పని అడగడం హక్కు, ఆడవారికీ మగవారికీ ఒకే కూలి, లెక్కలు ఊరి ముందు చదివి వినిపించే సామాజిక తనిఖీ. అవకతవకలు జరగలేదని ఎవరూ అనరు. యంత్రాలతో తవ్వి కూలీల పేర మస్టర్లు (హాజరు పట్టీలు) రాసుకున్నవారిని మేమూ చూశాం. అయినా దాని అసలు ప్రభావం కుంటలూ కందకాలూ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని జిల్లాల్లో చెల్లింపులు సక్రమంగా అందేలా చేసి కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు జరిపిన పరిశోధనలో, పేద కుటుంబాల ఆదాయం పెరిగిందనీ, ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం ఉపాధి కూలి నుంచి కాక బయటి పనుల్లో కూలి రేటు, పని దినాలు పెరగడం వల్ల వచ్చిందనీ తేలింది. చేతిలో ఇంకో దారి ఉన్న మనిషి బేరం ఆడగలడు. కూలీలు దొరకడం లేదని ఆసాములు గొణిగిన గొణుగుడికి ఆర్థిక భాషలో అర్థం అదే. నేనూ ఒక చిన్న ఆసామినే గనుక ఆ గొణుగుడులో నా వంతూ ఉంది.

అయినా కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి, కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి, సుగ్గికి పోయే బండ్లు ఆగలేదు. మిరపకాయ కోతకు, పత్తి తీతకు గుంటూరు వైపు కుటుంబాలకు కుటుంబాలే పిల్లలతో సహా కదులుతాయి. దగ్గర పని ఉన్నా కూలి డబ్బు వారాల తరబడి రాకపోతే, అక్కడ మేస్త్రి ముందే చేతిలో పెట్టే అడ్వాన్సే గెలుస్తుంది. పిల్లవాడి బడి ఆ అడ్వాన్సులో తాకట్టు పడుతుంది.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. పని దినాలు వందనుంచి 125కు పెరిగాయి, అది మంచిదే. పాత చట్టంలో కూలి మొత్తం కేంద్రమే భరించేది. కొత్తదానిలో మన లాంటి రాష్ట్రాలు ఖర్చులో 40 శాతం పెట్టుకోవాలి. ఏటా రాష్ట్రానికి ఇంత అని కేంద్రం ముందే కేటాయిస్తుంది, అది దాటిన ఖర్చు రాష్ట్రానిదే. సేద్యం ముమ్మరంగా సాగే రోజుల్లో మొత్తం మీద 60 రోజులు పని ఆపుకోవచ్చు. వాన బాగా పడిన ఏడు ఈ తేడాలు ఎవరికీ తెలియవు. వాన తప్పిన ఏడు అడిగేవారి సంఖ్య అకస్మాత్తుగా పెరుగుతుంది, అదే ఏడు రాష్ట్రం రాబడి తగ్గుతుంది. కేటాయింపు మాత్రం వాన చూడకముందే ఖాయమై ఉంటుంది. పాత పద్ధతిలో కరువు ప్రకటించిన చోట వందకు మరో యాభై రోజులు కలిపే వీలుండేది.

ఇది సరిదిద్దలేని లోపం కాదు. మండలం వారీగా వాన లెక్క ప్రభుత్వం దగ్గర రోజూ ఉంటుంది, కరువు మండలాల జాబితా ఏటా జీవోగా వస్తుంది. ఆ జాబితాలో పేరు చేరిన మండలానికి అదనపు రోజులూ, వాటి కూలీ కేంద్రం ఖాతా నుంచి వాటంతట అవే విడుదలయ్యేలా నిబంధనల్లో రాయవచ్చు. అప్పుడు కలెక్టరు సిఫారసు కోసం, రాష్ట్ర ఆర్థిక శాఖ అనుమతి కోసం ఎదురుచూడనక్కరలేదు. ఆలస్యమైన కూలికి పరిహారం ఇవ్వాలన్న నియమం పాత చట్టంలోనూ ఉంది గాని, ఆచరణలో చేతికి వచ్చింది తక్కువ. దాన్నీ ఈసారి వడ్డీ లెక్కలాగే కంప్యూటరే వేసి కూలీ ఖాతాలో జమ చేసేలా పెట్టాలి. బ్యాంకు బకాయి మీద వడ్డీ ఒక్క రోజు కూడా తప్పకుండా వేయగలిగిన యంత్రాంగానికి ఇది కష్టమైన పని కాదని, ఆ వడ్డీ ముప్పై ఏళ్ల పాటు వేసినవాడిగా నేను చెప్పగలను.